గిత్తల ట్రాలీ – 5వ పాఠం: ఇరుసు మీద బరువు, దిగుడులో గేరు

పందెం గిత్తలను ట్రాక్టర్ ట్రాలీలో పోటీలకు తీసుకుపోయే ఈ పాఠాల్లో, ఈసారి ఘాట్ దిగడం చెబుతానన్నాను. చెబుతాను. కానీ ముందు పోయిన పాఠం సంగతి తేల్చాలి. అది చదివి ముగ్గురు ఒకే మాట చెప్పారు: "అన్నా, బరువు ముందుకు పెట్టమన్నావు, పెట్టినాం. స్టీరింగ్ తిప్పినా ట్రాక్టర్ నేరుగానే పోతాంది." తప్పు నాదే. ముందుకు అన్నాను గానీ ఎంత ముందుకో చెప్పలేదు.

వాళ్లు గిత్తలను ముందు పలకకు ఆనించి కట్టారు. వాటి ముందు 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము, ఉలవల మూటలు. మడ్‌గార్డ్ మీద ఇద్దరు మనుషులు. ఈ బరువులో చాలా భాగం ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే హుక్కు మీదికి, అక్కడి నుంచి ట్రాక్టర్ వెనక చక్రాల మీదికి వస్తుంది. ముందు చక్రాలు తేలిపోతాయి. తేలిన చక్రం బండిని తిప్పలేదు.

రెండు చక్రాల ట్రాలీకి లెక్క ఇది. గిత్త నాలుగు కాళ్ల నడిమి చోటు సరిగ్గా ఇరుసు మీదికి రావాలి. పశువు బరువు ముందు కాళ్ల మీదే ఎక్కువ కాబట్టి, హుక్కు మీదికి కావలసినంత బరువు దానంతటదే వస్తుంది. ఇంకా వెనక్కి జరిపితే హుక్కు పైకి లేస్తుంది, ట్రాలీ ఊగుతుంది. అది ఇంకా ప్రమాదం. గిత్త అటూ ఇటూ జరగకుండా ముందొక వెదురు, వెనకొక వెదురు అడ్డం కట్టండి. ఒక్కో ఆవుకో గేదెకో 2 చదరపు మీటర్ల చోటు ఉండాలని మోటారు వాహనాల నిబంధన. పందెం గిత్తకు నేను అంతకన్నా ఎక్కువే వదులుతాను.

డ్రమ్ము నేనైతే ఖాళీగానే తీసుకుపోతాను, పోటీ ఊళ్లో నింపుకుంటాను. దారికి రెండు చిన్న క్యాన్లు చాలు. మడ్‌గార్డ్ మీద మనిషి వద్దు. పగ్గం మెడకే కట్టాలి, ముకుతాడుకు కాదు.

హుక్కు పిన్ను, గొలుసు, ట్రాక్టర్ రెండు బ్రేక్ పెడల్స్ కలిపే లాకు పాత పాఠాల్లో మీకు వచ్చినవే.

ఇక దిగుడు. రాయచోటి నుంచి కడపకు దిగే గువ్వలచెరువు ఘాట్‌లో న్యూట్రల్ చేసి ట్రాక్టర్ వదిలేసేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. డీజిల్ మిగులుతుందంటారు. గేరులో ఉన్నంతసేపు ఇంజిన్ చక్రాలను పట్టి ఆపుతూ ఉంటుంది. న్యూట్రల్ చేసిన క్షణం ఆ పట్టు పోతుంది. మన ట్రాలీలు చాలావాటికి సొంత బ్రేకు ఉండదు. రెండు గిత్తలే వెయ్యి కిలోలు దాటుతాయి, ఆ బరువంతా ట్రాక్టర్‌ను వెనక నుంచి తోస్తుంది. అప్పుడు మీకు మిగిలింది ట్రాక్టర్ బ్రేకు ఒక్కటే. గట్టిగా తొక్కితే ట్రాక్టర్ ఆగుతుంది, ట్రాలీ ఆగదు, పక్కకు తిరిగి మడతపడుతుంది. తొక్కుతూనే ఉంటే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. పోనీ మళ్లీ గేరు వేద్దామంటే, ఆ వేగంలో పాత ట్రాక్టర్ల గేరు కరకరమంటుంది తప్ప పడదు. క్లచ్ తొక్కి పట్టుకోవడం కూడా న్యూట్రల్‌తో సమానమే. "క్లచ్ సగమే తొక్కినా" అన్నా నేను ఒప్పుకోను.

అందుకే దిగుడు మొదలు కాకముందే బండి ఆపండి. ఆ దారి ఎక్కాలంటే ఏ గేరు వేస్తారో అదే వేయండి. కింది దాకా మార్చొద్దు. వెనక లారీ హారన్ కొట్టినా సరే, టెన్షన్ పడొద్దు. చోటు దొరికిన చోట పక్కకు తీసి దారివ్వండి.

సాధన గిత్తలతో కాదు. 50 కిలోల ఇసుక మూటలు 20 ఎత్తండి. ముందుగా ఇరుసు మీద పేర్చి, మనుషులు లేని ఖాళీ కల్లంలో నడక వేగంతో ఎనిమిది అంకె వేయండి. తర్వాత నాలుగు మూటలు ముందు పలకకు జరిపి మళ్లీ వేయండి. స్టీరింగ్‌లో తేడా చేతికి తెలిసేదాకా ఎక్కిస్తూ దించుతూ చేయండి. ఆ తర్వాత మూటలన్నీ ఇరుసు మీదికి తెచ్చి, ఊరి పక్క చిన్న దిగుడులో తెల్లవారుజామున పదిసార్లు దిగండి. పదింటిలో ఒక్కసారి కాలు క్లచ్ మీదికి పోయినా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టండి.