చుక్క రక్తంతో హిమోగ్లోబిన్ పరీక్ష ఎలా చేయాలి?

బెంగళూరు శివార్లలో అపార్ట్‌మెంట్లు కట్టే చోట, అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీల కోసం పెట్టే ఆదివారపు శిబిరాల్లో నేను ఏళ్లుగా ఈ పరీక్ష చేస్తున్నాను. హిమోగ్లోబిన్ అంకె చూపే మంచి మీటరు, కొత్త క్యువెట్ (రక్తం పీల్చుకునే చిన్న పలక) ఉన్నా అంకె తప్పు వస్తోందంటే, లోపం చాలాసార్లు వేలి దగ్గరే జరిగి ఉంటుంది.

మీటరు, క్యువెట్ల సీసా, లాన్సెట్లు (వేలు గుచ్చే సూదులు), స్పిరిట్ దూది, పొడి గాజుగుడ్డ, గ్లౌజులు సిద్ధం చేసుకోవాలి. క్యువెట్ లోపల పూసిన రసాయనం తేమకు పాడవుతుంది కాబట్టి, ఒకటి తీయగానే సీసా మూత బిగించాలి.

ఎక్కువగా వాడని చేతి నడిమి వేలిని గానీ ఉంగరపు వేలిని గానీ ఎంచుకోవాలి. కొస మధ్యలో కాక పక్కవాటున గుచ్చితే నొప్పి తక్కువ. డిసెంబరు ఉదయాల్లో సిమెంటు పని చేసేవారి వేళ్లు చల్లగా, మొరటుగా ఉంటాయి. అలాంటి చేతిని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి, కిందికి వేలాడదీయించాలి. స్పిరిట్ రాశాక పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే చుక్క గుండ్రంగా నిలవక చర్మం మీద పరుచుకుపోతుంది, రక్తకణాలూ చిట్లుతాయి. భయపడుతూ పైపైన గుచ్చితే రక్తం చాలదు, అప్పుడు వేలిని పిండాలనిపిస్తుంది.

పిండకూడదు. పిండితే కణజాలాల్లోని నీరు రక్తంలో కలిసి దాన్ని పలచన చేస్తుంది. ఒక శిబిరంలో పక్క బల్ల దగ్గర ఒకామె, "ఇంకొంచెం పిండు సార్, వస్తాది" అని తానే వేలు చాపింది, అక్కడున్నతను పిండాడు. మీటరు 100 మిల్లీలీటర్ల రక్తానికి 9.1 గ్రాములు చూపింది. "ఈ చెయ్యి వద్దమ్మా, ఆ చెయ్యి ఇవ్వు" అని నేను రెండో చేతిని వెచ్చబరచి మళ్లీ తీస్తే 11.6 వచ్చింది. మొదటి అంకెనే నమ్మి ఉంటే ఆమె ఎంత కంగారుపడేదో నాకు తెలుసు. అవసరమైతే వేలి మొదలు దగ్గర ఒక్కసారి మెల్లగా నొక్కి వదలాలి. మొదటి రెండు చుక్కలు తుడిచేసి, మూడోదే వాడాలి.

క్యువెట్ కొసను ఆ చుక్క నడిమధ్యకు ఆనించి కదలకుండా పట్టుకుంటే, లోపలి సన్నని సందు సుమారు 10 మైక్రోలీటర్లను, అంటే మిల్లీలీటరులో నూరో వంతును, తనంతట తానే పీల్చుకుంటుంది. సగంలో ఎత్తి మళ్లీ ఆనిస్తే గాలి బుడగ చిక్కుతుంది, వెలుగు రక్తం గుండా కాక బుడగ గుండా పోయి లెక్క తప్పుతుంది. నిండకపోతే దాన్ని పారేసి కొత్తది తీయాలి. పైన అంటిన రక్తాన్ని తుడిచేటప్పుడు గాజుగుడ్డ తెరిచి ఉన్న అంచుకు తగలకూడదు. అదీ పీల్చే గుణం ఉన్నదే కాబట్టి లోపలి రక్తాన్ని బయటికి లాగేస్తుంది. గాజు నాళికలోకి తీసి మార్చడం కన్నా నేరుగా వేలి నుంచి నింపడమే మేలు. రంగును కంటితో పోల్చే పాత సాలీ పద్ధతి కన్నా ఇది ఎంతో నమ్మదగినది.

నింపిన వెంటనే మీటరులో పెట్టి చదవాలి. 100 మిల్లీలీటర్ల రక్తానికి గర్భిణులు కాని స్త్రీలలో 12, పురుషులలో 13 గ్రాముల కన్నా తక్కువైతే రక్తహీనతగా లెక్కిస్తారు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం ఎత్తుకు తగిన సవరణ కూడా చేయాలి. అంకె తక్కువగా ఉంటే చేతి సిర నుంచి రక్తం తీయించి ల్యాబుకు పంపాలి. వాడిన లాన్సెట్‌కు మూత పెట్టే ప్రయత్నం చేయక, సూది మొన దిగని గట్టి తెల్ల డబ్బాలో వెంటనే వేయాలి.