మార్చి 31 రాత్రికి ముందే క్రాన్‌ట్యాబ్ సరిచూసుకోండి

ఆర్థిక సంవత్సరం ముగిసే రాత్రి సర్వర్ల మీద పని ఒక్కసారిగా మీద పడుతుంది. ఖాతాల ముగింపు, వడ్డీ లెక్కలు, రిపోర్టులు, బ్యాకప్‌లు అన్నీ ఆ కొన్ని గంటల్లోనే. లినక్స్ సర్వర్లలో వీటిని టైముకి మొదలుపెట్టేది చాలాచోట్ల క్రానే. ఏ పని (జాబ్) ఎప్పుడు నడవాలో దానికి చెప్పే పట్టికే క్రాన్‌ట్యాబ్. అయితే జాబ్ నడవకపోతే అది ఎవరికీ ఫోన్ చేసి చెప్పదు. ఏప్రిల్ 1 పొద్దున అకౌంట్స్ వాళ్లు "రిపోర్ట్ రాలేదండీ" అనేదాకా మనకు తెలియదు. అందుకే ఈ తనిఖీ కనీసం వారం ముందు పెట్టుకోండి. 31 సాయంత్రం మాత్రం క్రాన్‌ట్యాబ్‌ను ముట్టుకోవద్దు.

మొదటి పని, కాపీ తీసుకోవడం. క్రాన్‌ట్యాబ్‌కు 'ఎల్' ఆప్షన్ ఇచ్చి, వచ్చినదంతా తేదీ వేసి ఒక ఫైల్లో దాచండి. ఎడిట్ చేయడానికి 'ఇ', మొత్తం తుడిచేయడానికి 'ఆర్'. కీబోర్డు మీద ఈ రెండు అక్షరాలూ పక్కపక్కనే ఉంటాయి. వేలు జారి 'ఆర్' పడిందా, మామూలుగా అయితే ఒక్క మాట కూడా అడగకుండా అన్ని లైన్లూ పోతాయి. షెడ్యూల్ ఫైలును గిట్‌లో (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే సాధనం) ఉంచుకుని, అక్కడ మార్చి, సర్వర్‌కి ఎక్కించుకోవడం ఇంకా మంచి పద్ధతి. అలా ఎక్కిస్తే పాతదంతా పోయి కొత్త ఫైల్లో ఉన్నదే మిగులుతుంది. కాబట్టి మధ్యలో ఎవరైనా నేరుగా సర్వర్ మీద లైన్లు చేర్చారేమో ముందుగా పోల్చి చూడండి.

ఇక అసలు టెన్షన్ పెట్టేది టైమ్ జోన్. క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తాయి, మన టైము దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. ఏప్రిల్ 1 రాత్రి 12:30కి నడవాలని 30 0 1 4 * (వరుసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారంలో రోజు; * అంటే ఏదైనా సరే) అని రాస్తే, ఆ సర్వర్ దాన్ని మన టైము ప్రకారం ఉదయం 6 గంటలకు నడుపుతుంది. సరిగ్గా మార్చాలంటే గంట ఒక్కటే కాదు, తేదీ, నెల కూడా వెనక్కి పోతాయి: 0 19 31 3 *. ప్రతి నెలా నడిచే జాబ్‌కి ఈ మార్పు కూడా కుదరదు, ఎందుకంటే ముందు నెల 28తో ముగుస్తుందో 31తో ముగుస్తుందో ఈ అంకెలతోనే చెప్పే వీలు లేదు. రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్‌లలో ఉండే క్రోనీ అనే క్రాన్ రకంలో క్రాన్_టీజెడ్ అనే సెట్టింగ్‌తో ఆసియా/కోల్‌కతా అని పెట్టుకోవచ్చు. అన్ని క్రాన్‌లూ దాన్ని పట్టించుకోవు, మీ సర్వర్ మాన్యువల్ పేజీ చూశాకే నమ్మండి. క్రాన్‌కు బదులుగా వాడే సిస్టమ్‌డీ టైమర్లలోనైతే టైము చివర జోన్ పేరు రాస్తే సరిపోతుంది.

అక్కడితో అయిపోలేదు. జాబ్ మన టైముకే మొదలైనా, లోపలి స్క్రిప్టు యూటీసీ తేదీనే చూస్తుంది. ఏప్రిల్ 1 రాత్రి 12:30కి దాని లెక్కలో ఇంకా మార్చి 31. స్క్రిప్టు "నిన్నటి" లావాదేవీలు తీసుకునేలా రాసి ఉంటే అది మార్చి 30వి తీసుకుంటుంది. ఏడాదిలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు, ఒక్క ఎర్రర్ కూడా లేకుండా, లెక్కలోంచి జారిపోతుంది. స్క్రిప్టులో జోన్ స్పష్టంగా రాయండి, లేదా తేదీని బయటినుంచి ఇవ్వండి.

అమెరికా క్లయింట్ల సర్వర్లు చూసేవాళ్లకు మార్చిలో ఇంకో గండం ఉంది. రెండో ఆదివారం అక్కడ చాలా రాష్ట్రాల్లో వేసవి సమయం కోసం గడియారం తెల్లవారుజామున 2 నుంచి నేరుగా 3కి దూకుతుంది. నవంబరు మొదటి ఆదివారం 1 నుంచి 2 దాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. లోకల్ టైములో నడిచే సర్వర్ మీద 1, 3 గంటల మధ్య ముఖ్యమైన జాబ్ పెట్టకపోవడమే మేలు.

"టెర్మినల్‌లో నడిచింది, క్రాన్‌లో నడవట్లేదు" అనే మాట మన ఆఫీసుల్లో రోజూ వినపడేదే. క్రాన్ మీ లాగిన్ సెట్టింగులు చదవదు, దాని పాత్ (కమాండ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) కూడా చాలా చిన్నది. కాబట్టి ప్రతి కమాండ్‌కీ పూర్తి దారి రాయండి. శాతం గుర్తు సంగతి చాలామందికి తెలియదు. బ్యాకప్ ఫైలు పేరుకు తేదీ తగిలించడానికి డేట్ కమాండ్‌లో % వాడతాం. క్రాన్‌ట్యాబ్ లైన్లో మొదటి % దగ్గరే కమాండ్ ఆగిపోతుంది, ఆ తర్వాతదంతా ఆ కమాండ్‌కి ఇన్‌పుట్‌గా వెళ్తుంది. తెరిచిన బ్రాకెట్ మూయకుండానే మిగిలి, షెల్ ఎర్రర్ ఇచ్చి వెళ్లిపోతుంది. దాన్ని \% అని రాయాలి. నెల చివరి రోజు కోసం 28-31 పెట్టి "రేపు ఒకటో తారీఖేనా" అని చూసే లైన్లలోనూ ఇదే తిప్పలు. నా సలహా ఏమిటంటే, ఈ లెక్కలన్నీ స్క్రిప్టు ఫైల్లోకి మార్చేయండి. అక్కడ % మామూలుగా పనిచేస్తుంది.

తేదీ, వారంలో రోజు రెండూ ఇచ్చినప్పుడు కూడా జాగ్రత్త. 0 2 1 * 1 అంటే "ఒకటో తారీఖు సోమవారమైతే" అని కాదు, ఒకటో తారీఖునా నడుస్తుంది, ప్రతి సోమవారమూ నడుస్తుంది.

మామూలు రోజుల్లో పది నిమిషాల్లో తేలే జాబ్ ఆ రాత్రి డేటా బరువుకి గంట పట్టొచ్చు. పావుగంటకోసారి నడిచేదైతే, మొదటిది అవకముందే రెండోది మొదలై ఒకే టేబుల్ మీద పడతాయి. జాబ్‌కి తాళం వేసే ఎఫ్‌లాక్ కమాండ్‌ను 'ఎన్' ఆప్షన్‌తో తగిలిస్తే, మొదటిది నడుస్తుండగా రెండోది తప్పుకుంటుంది. ప్రాసెస్ మధ్యలో చచ్చిపోయినా ఆ తాళం దానంతట అదే వదిలిపోతుంది. మనం సొంతంగా చేసుకునే లాక్ ఫైలుకి ఆ సదుపాయం లేదు.

జాబ్ నడిపే యూజర్ అకౌంట్ గడువు కూడా చూడండి. పాస్‌వర్డ్ కాలం తీరిపోతే కొన్ని సిస్టమ్‌లలో క్రాన్ ఆ యూజర్ జాబ్‌లనే నడపదు. చేజ్ (chage) కమాండ్‌తో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఆ వారంలో ప్యాచింగ్ రీబూట్ ఉంటే, సర్వర్ ఆగి ఉన్న సమయంలో దాటిపోయిన జాబ్‌ను క్రాన్ మళ్లీ నడపదని గుర్తుంచుకోండి. అందుకు దాటిపోయిన జాబ్‌లను తర్వాత నడిపే అనాక్రాన్ గానీ, సిస్టమ్‌డీ టైమర్లో పర్సిస్టెంట్ సెట్టింగ్ గానీ కావాలి.

ఔట్‌పుట్‌ను డెవ్‌నల్‌లో (ఏది పంపినా మాయమయ్యే చోటు) పారేసే లైన్లు కనిపిస్తే, వాటిని లాగ్ ఫైలుకి మళ్లించండి. ఏప్రిల్ 1 ఉదయం క్రాన్ లాగ్‌లో లైన్ కనపడగానే సంతోషపడొద్దు, కమాండ్ మొదలైందని మాత్రమే అది చెబుతుంది. జాబ్ తయారుచేసిన ఫైలు తెరిచి, సైజు చూసి, చివరి ఎంట్రీ తేదీ మార్చి 31దేనా అని చూశాకే అకౌంట్స్ వాళ్లకు కబురు పంపండి.