గుర్రపువాతం – పాఠం 4: మెగ్నీషియం కలిపే లెక్క

బీపీ 160/110 దాటిన గర్భిణికి తలనొప్పి, కళ్లు మసకబారడం ఎందుకు వస్తాయో గత పాఠంలో చూశాం. ఈసారి ఫిట్స్ వచ్చాక సంగతి, అంటే గుర్రపువాతం (ఎక్లాంప్సియా). లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుకి డాక్టర్ ‘మ్యాగ్‌సల్ఫ్ (ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్) పెట్టండి’ అన్నాక తప్పు జరిగేది ఎక్కువగా కూడికల్లోనే.

ముందు మనిషిని ఎడమ పక్కకు తిప్పి, నోట్లో నురగ తీసి, ఆక్సిజన్ పెట్టండి. చేతిలో తాళాలు, పళ్ల మధ్య చెంచా వద్దు. బంధువులు తెస్తారు, మర్యాదగా పక్కన పెట్టించండి.

ఇక ఆంప్యూల్, అంటే మందు ఉండే చిన్న గాజు బుడ్డి. లేబుల్ మీద 50 శాతం, 2 మి.లీ. అని ఉంటే ఒక్కోదానిలో 1 గ్రాము. వేరే శాతం ఉంటే కింది లెక్క చెల్లదు.

నరానికి 4 గ్రాములు: 4 ఆంప్యూళ్లు (8 మి.లీ.), 12 మి.లీ. నార్మల్ సెలైన్, మొత్తం 20 మి.లీ. గడియారం చూస్తూ కనీసం 5 నిమిషాలు తీసుకోండి. గబగబా తోస్తే ఊపిరి, గుండె ఆగే ప్రమాదం ఉంది. స్పృహలో ఉంటే ఒళ్లు వేడెక్కినట్టు ఉంటుందని ముందే చెప్పండి.

వెంటనే కండకు 10 గ్రాములు: ఒక్కో పిరుదుకి 5 ఆంప్యూళ్లు, నీళ్లు కలపకుండా, నొప్పి తెలియకుండా 2 శాతం లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) 1 మి.లీ.తో, లోతుగా. ట్రేలో ఖాళీవి 14 ఉండాలి. 13 ఉంటే ఆగి వెతకండి.

15 నిమిషాల తర్వాత మళ్లీ ఫిట్ వస్తే నరానికి ఇంకో 2 గ్రాములు: 2 ఆంప్యూళ్లు, 6 మి.లీ. సెలైన్, మళ్లీ 5 నిమిషాలు.

ఆపైన 4 గంటలకోసారి 5 గ్రాములు, పిరుదు మార్చి మార్చి. ప్రతి డోసుకూ ముందు మోకాలి కుదుపు (మోకాలి కింద తడితే కాలు ఎగరడం), నిమిషానికి 16కి తగ్గని శ్వాస, గంటకు కనీసం 30 మి.లీ. మూత్రం చూడాలి. ఈ మందు బయటికి పోయేది మూత్రంలోనే. అది తగ్గితే రక్తంలో పేరుకుంటుంది, ముందు మోకాలి కుదుపు పోతుంది, తర్వాత ఊపిరి. వెన్నుకు మత్తిచ్చిన వాళ్లకి మోకాలు నమ్మకండి, మోచేతి దగ్గర చూడండి. మూడింటిలో ఏది లేకపోయినా డోసు ఆపి డాక్టర్‌ని పిలవాలి. శ్వాస పడిపోతే అంబు బ్యాగ్‌తో (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) గాలి ఇస్తూ, విరుగుడుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. నరానికి మెల్లగా. అది ముందే ట్రేలో ఉండాలి.

కాన్పు, చివరి ఫిట్ – ఏది ఆలస్యమైతే దాన్నుంచి 24 గంటలు కొనసాగిస్తారు.

మెగ్నీషియం బీపీ మందు కాదు. 160/110 అలాగే ఉంటే మెదడులో రక్తస్రావం కావచ్చు, కాబట్టి లాబెటలాల్ గానీ నిఫెడిపిన్ గానీ విడిగా కావాలి. ఫిట్స్ ఆగినా ఒక కాలు, చెయ్యి లేవకపోతే ‘మందు మత్తు’ అని వదిలెయ్యకండి. వెంటనే స్కానింగ్‌కి పంపే కేసు అది.