పాత గేములు ఆడే కన్సోల్ కొనేముందు చూసుకోవాల్సినవి

ముందుతరం గేముల కోసం సెకండ్‌హ్యాండ్ కన్సోల్ కొనేవాళ్ళు పేరు కాదు, స్టిక్కర్ మీది మోడల్ నంబర్ చూడాలి. పాత గేము ఆడాలంటే చాలాసార్లు దాని తాలూకు చిప్ లోపల ఉండాలి. ఖర్చు తగ్గించుకోడానికి కంపెనీలు ఆ చిప్‌ని తర్వాతి మోడళ్ళలో తీసేస్తుంటాయి.

అందరూ తికమకపడేది ప్లేస్టేషన్ 3 దగ్గరే. నంబర్‌లో 'సీఈసీహెచ్' తర్వాతి అక్షరం చూడండి. 2006లో వచ్చిన ఏ, బీ మోడళ్ళలో పీఎస్2 (ప్లేస్టేషన్ 2) ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ ఉన్నాయి. సీ, ఈలలో గ్రాఫిక్స్ చిప్ మాత్రమే ఉంది. ప్రాసెసర్ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది కాబట్టి కొన్ని గేములు సరిగా నడవవు. జీ నుంచి రెండూ లేవు. అక్షరం బదులు అంకె ఉంటే అది స్లిమ్ లేదా సూపర్ స్లిమ్, వాటిలోనూ పీఎస్2 డిస్కులు ఆడవు. స్టిక్కర్ చెరిగిపోయిందా? ముందువైపు యూఎస్‌బీ పోర్టులు లెక్కపెట్టండి. నాలుగుంటే పనికొచ్చేదే, రెండే ఉంటే వదిలేయండి. పీఎస్1 గేములు మాత్రం అన్నిట్లోనూ ఆడతాయి. పాత డిస్కుల రీజియన్ (ఏ ప్రాంతంలో అమ్మడానికి చేశారో అది), కన్సోల్ రీజియన్ ఒకటే అయ్యుండాలి.

బ్లూ-రే ఆడింది కదా అని డబ్బులిచ్చేయకండి. బ్లూ-రేని 405, డీవీడీని 650, సీడీని 780 నానోమీటర్ల లేజర్ చదువుతుంది. ఒకటి బాగున్నా ఇంకోటి పోయి ఉండొచ్చు. పీఎస్2 గేముల్లో కొన్ని సీడీల మీదే వచ్చాయి, అందుకే మూడు రకాల డిస్కులూ పెట్టి చూడండి.

ప్లేస్టేషన్ 3లో పాత గేములు సేవ్ చేయాలంటే గేమ్ మెనూలోని మెమరీ కార్డ్ యుటిలిటీలో కొత్త ఇంటర్నల్ కార్డు తయారుచేసి, స్లాట్ 1కి కేటాయించండి. పీఎస్1కి, పీఎస్2కి వేర్వేరు కార్డులు కావాలి. ఇది మరిచిపోతే ఎంత ఆడినా సేవ్ కాదు.

నింటెండో కన్సోల్ వీ (Wii) అయితే ఆర్‌వీఎల్-001 మోడల్ తీసుకోండి. పైమూత కింద, నింటెండో ముందుతరం కన్సోల్ గేమ్‌క్యూబ్ కోసం నాలుగు కంట్రోలర్ పోర్టులు, రెండు మెమరీ కార్డు స్లాట్లు ఉంటాయి. గేమ్‌క్యూబ్ గేములకి వీ రిమోట్ పనిచేయదు, సేవ్‌లు కన్సోల్ మెమరీలోకి వెళ్ళవు. గేమ్‌క్యూబ్ కంట్రోలర్, మెమరీ కార్డు రెండూ విడిగా కొనాల్సిందే.

చేతిలో పట్టుకుని ఆడే నింటెండో గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో, క్యాట్రిడ్జ్ పెట్టే స్లాట్‌లో చిన్న స్విచ్ ఉంటుంది. పాత గేమ్ బాయ్ క్యాట్రిడ్జ్ ఆకారం దాన్ని నొక్కగానే కన్సోల్ 8-బిట్ ప్రాసెసర్‌కి మారి, క్యాట్రిడ్జ్‌కి 3.3 బదులు 5 వోల్టులు ఇస్తుంది. అడ్వాన్స్ గేములు ఆడుతూ పాతవి మాత్రమే మొరాయిస్తుంటే క్యాట్రిడ్జ్ కాంటాక్టులని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక పెట్టి చూడండి. అప్పటికీ ఆడకపోతే ఆ స్విచ్‌ని అనుమానించాలి. గేమ్ బాయ్ మైక్రో, నింటెండో డీఎస్‌లలో పాత గేమ్ బాయ్ గేములు అసలే ఆడవు.