పిల్లలతో వేసవిలో విదేశీ ప్రయాణం: టెన్షన్ లేకుండా ప్లాన్ చేసుకోవడం ఎలా

పిల్లల్ని తీసుకుని వేరే దేశం వెళ్దామనుకోగానే చాలామంది మొదట చూడాల్సిన ప్రదేశాల లిస్టు రాసుకుంటారు. నేనైతే ముందు ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల రోజు ఎలా గడుస్తుందో ఒక కాగితం మీద రాసుకోమంటాను. ఎన్నింటికి లేస్తుంది, ఎంతసేపటికోసారి ఆకలంటుంది, మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటుంది, రాత్రి ఎన్ని గంటలు దాటితే ఇక ఎవరి మాటా వినదు. ఏ ఫ్లైట్ ఎక్కాలి, హోటల్ ఎక్కడ తీసుకోవాలి, రోజుకి ఎన్ని చూడొచ్చు, ఇవన్నీ ఆ కాగితాన్ని బట్టే తేలాలి. పెద్దవాళ్లం ఒకపూట తిండి ఆలస్యమైనా సర్దుకుంటాం, మూడేళ్ల పిల్ల సర్దుకోలేదు, ఆ పిల్ల ఏడుస్తుంటే మిగతావాళ్లు ఎంత గొప్ప కట్టడం ముందు నిలబడినా దాన్ని చూడలేరు.

దేశం ఎంచుకునేటప్పుడు అక్కడ అప్పుడు ఏ కాలమో తప్పకుండా చూడండి. జూన్ నుంచి ఆగస్టు వరకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో చలికాలం. అదే సమయంలో మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న ఊళ్లలో ఎండ మండిపోతుంది, పైగా యూరప్ పిల్లలకి కూడా అవే సెలవులు కాబట్టి జనం కిక్కిరిసి ఉంటారు. స్ట్రోలర్ తోసుకుంటూ ఆ ఎండలో క్యూలో నిలబడటం కన్నా కాస్త చల్లగా ఉండే కొండప్రాంతమో సరస్సు ఒడ్డు ఊరో మేలు. పది రోజుల్లో నాలుగు ఊళ్లు పెట్టుకోవద్దు. ఊరు మారిన ప్రతిసారీ సర్దుకోవడం, స్టేషన్, చెక్-ఇన్ అంటూ దాదాపు ఒక రోజు పోతుంది, అందుకే రెండు ఊళ్లు చాలు, ఒక్కటైతే ఇంకా హాయి.

కాగితాల పని అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాలి. చాలా దేశాల్లో పెద్దల పాస్‌పోర్ట్ పదేళ్లకి ఇస్తే పిల్లలది ఐదేళ్లకే ఇస్తారు, అందుకే అమ్మానాన్నలవి బాగానే ఉండి పిల్లలది గడువు దాటిపోయి ఉంటుంది. దానికి తోడు ప్రయాణం తర్వాత ఇంకా ఆరు నెలలు చెల్లుబాటు ఉండాలనే రూల్ చాలా దేశాలు పెట్టుకున్నాయి, కాబట్టి టికెట్లు కొనేముందే అందరి పాస్‌పోర్టులూ టేబుల్ మీద పెట్టుకుని తేదీలు చూడండి. షెంగెన్ వీసాకి (యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, చివరి వారాల దాకా ఆగితే సీజన్‌లో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. అమ్మో నాన్నో ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవాళ్ల సంతకంతో అనుమతి లేఖ, పుట్టిన తేదీ సర్టిఫికెట్ కాపీ వెంట ఉండాలి, ఇంటిపేర్లు వేరైతే మరీను. ఇంకొకటి చాలామందికి తట్టదు: ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లే టికెట్ రెండేళ్లలోపు పిల్లలకే, ట్రిప్ మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి విడిగా సీటు కొనాలి.

డాక్టర్ దగ్గరికి నాలుగు నుంచి ఆరు వారాల ముందే వెళ్లండి, కొన్ని టీకాలు పని చేయడానికి టైమ్ పడుతుంది, కొన్నిటికి రెండు డోసులు కావాలి. పిల్లలకి జ్వరం మందు ఇచ్చేది బరువుని బట్టి కాబట్టి బయల్దేరేముందు పిల్లల్ని తూచి, ఎవరికి ఎన్ని ఎం.ఎల్. ఇవ్వాలో డాక్టర్‌తోనే రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి, కొత్త ఊళ్లో అర్ధరాత్రి రెండింటికి ఆ లెక్కలు తోచవు. మందులన్నీ అసలు ప్యాకెట్లలోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా తీసుకెళ్లాలి. ఇంటి దగ్గర మామూలుగా దొరికే మందు వేరే దేశంలో నిషేధం కావచ్చు, ఉదాహరణకి జపాన్‌లో సూడోఎఫెడ్రిన్ ఎక్కువగా ఉండే జలుబు మందులకి అనుమతి లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మర్చిపోవద్దు. ఇన్సూరెన్స్ టికెట్లు కొన్న రోజే తీసుకోండి, ఎందుకంటే బయల్దేరేముందు పిల్లాడికి జబ్బు చేసి ట్రిప్ ఆగిపోతే డబ్బు తిరిగొచ్చేది ఆ పాలసీ అప్పటికే ఉంటేనే.

ఫ్లైట్ విషయంలో కాస్త డబ్బు ఎక్కువైనా డైరెక్ట్‌కే నా ఓటు. మధ్యలో మారక తప్పకపోతే మొత్తం ఒకే బుకింగ్‌లో తీసుకోండి, అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోయినా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లది, విడివిడిగా కొంటే మొత్తం మీ మీదే పడుతుంది. దిగే టైమ్ కూడా చూసుకోండి. చాలా హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం తర్వాతే, పొద్దున్నే ఆరింటికి దిగితే నిద్రమొహాల పిల్లలతో లాబీలో ఏడెనిమిది గంటలు కూర్చోవాల్సి వస్తుంది. మధ్యాహ్నం దిగే ఫ్లైట్ దొరక్కపోతే ముందురోజు రాత్రికి కూడా గది బుక్ చేసుకుని, పొద్దున వస్తామని హోటల్‌కి రాసి పెట్టండి. ఆ ఒక్క రాత్రి డబ్బు దండగ అనిపించినా అస్సలు దండగ కాదు.

మా బాబుకి నాలుగేళ్లప్పుడు విమానం కిందికి దిగుతుండగా ఉన్నట్టుండి వాంతి చేసుకున్నాడు, సగం వాడి మీద, సగం నా ఒళ్లో. వాడికి మార్చడానికి బట్టలు పైన బ్యాగ్‌లో ఉన్నాయి, కానీ సీటు బెల్టు సైన్ వెలిగింది కాబట్టి లేవడానికి లేదు. నాకు మార్చుకోవడానికి అసలు లేవు. టిష్యూలతో తుడుచుకుని, ఆ తడి షర్టుతోనే వాణ్ని ఎత్తుకుని ఇమిగ్రేషన్ క్యూలో గంటకి పైగా నిలబడ్డాను, ఆ వాసనకి వాడు నా భుజం మీద తల కూడా ఆనించలేదు, మెడ వెనక్కి వాల్చి ఏడుస్తూనే ఉన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో జిప్ కవర్, పెద్దవాళ్లతో సహా: ఒక జత బట్టలు, ఒక ఖాళీ కవర్, తడి టిష్యూలు. అవన్నీ ఒకే చిన్న బ్యాగ్‌లో, ఆ బ్యాగ్ ముందు సీటు కిందే.

దిగేటప్పుడు పిల్లలు ఏడ్చేది చాలాసార్లు చెవి నొప్పికే. ముక్కు వెనక నుంచి చెవిలోకి వెళ్లే గొట్టం పిల్లల్లో సన్నగా ఉంటుంది, గాలి ఒత్తిడి మారినప్పుడు అది త్వరగా తెరుచుకోదు. మింగితే తెరుచుకుంటుంది. అందుకని విమానం దిగడం మొదలైనప్పుడు, అంటే సుమారు అరగంట ముందు, నిద్రపోతుంటే లేపి నీళ్లు గుక్కగుక్కగా తాగించండి, పసిపిల్లలైతే పాలు పట్టండి. ద్రవాలు సీసాకి 100 ఎం.ఎల్. మించకూడదనే రూల్ చాలా ఎయిర్‌పోర్టుల్లో ఉంది కానీ పిల్లల పాలకీ మందులకీ మినహాయింపు ఇస్తారు, విడిగా తీసి చూపించాలి అంతే. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ సూట్‌కేస్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగ్‌లోనే ఉండాలి.

సూట్‌కేసులు మనిషికొకటి చొప్పున సర్దకండి. ప్రతి దాంట్లోనూ అందరి బట్టలూ కొన్ని కొన్ని ఉండాలి, ఒక సూట్‌కేస్ రాకపోయినా ఎవరూ కట్టుబట్టలతో మిగలరు. రాకపోతే ఎయిర్‌పోర్ట్ దాటకముందే కౌంటర్‌లో కంప్లయింట్ రాయించి కాగితం తీసుకోండి, తర్వాత ఏది అడగాలన్నా ఆ కాగితమే ఆధారం.

మొదటి రెండు రోజులు ఏమీ బుక్ చేయొద్దు. టైమ్ తేడా ఎన్ని గంటలుంటే ఒళ్లు సర్దుకోవడానికి సుమారు అన్ని రోజులు పడుతుందంటారు, తూర్పు వైపు వెళ్తే ఇంకాస్త కష్టం. పొద్దున ఎండలో పిల్లల్ని దగ్గర్లోని పార్కుకి తీసుకెళ్లి పరిగెత్తనివ్వండి, వెలుతురుకి మించిన మందు లేదు. ఆ తర్వాత కూడా రోజుకి ఒక్క పెద్ద పని, అదీ పొద్దునే. మధ్యాహ్నం గదికి వచ్చేయాలి, పడుకున్నా పడుకోకపోయినా సరే, సాయంత్రం మళ్లీ బయటికి వెళ్లొచ్చు. అందుకే ఊరి చివర చవకగా దొరికే పెద్ద గది కన్నా మధ్యలో ఉన్న చిన్న గది నయం. వంటగదీ వాషింగ్ మెషీనూ ఉంటే సామాను సగానికి తగ్గుతుంది. ప్రతి పిల్లకీ ఒక రోజు వాళ్లిష్టం, ఎక్కడికి వెళ్లాలో వాళ్లే చెప్తారు. మా పాప ఒకసారి మ్యూజియం వద్దని ఊళ్లో ట్రామ్ ఎక్కి చివరి స్టాప్ దాకా వెళ్దామంది, ఇప్పటికీ ఆ ట్రిప్ అనగానే దానికి గుర్తొచ్చేది అదే.

భద్రత దగ్గర మాత్రం నేను చాలా స్ట్రిక్ట్. రోజూ బయల్దేరేముందు ఆ రోజు వేసుకున్న బట్టలతో పిల్లల ఫోటో తీయండి, తప్పిపోతే కంగారులో చొక్కా రంగు కూడా గుర్తురాదు. చేతికి మీ ఫోన్ నంబర్ రాసిన బ్యాండ్ కట్టండి, దేశం కోడ్‌తో సహా. కనపడకపోతే ఉన్నచోటే ఆగాలని, యూనిఫాంలో ఉన్నవాళ్లనో పిల్లలతో ఉన్న అమ్మనో అడగాలని ముందే ఆటలాగా ప్రాక్టీస్ చేయించండి. అక్కడి ఎమర్జెన్సీ నంబర్ ఫోన్‌లో వేసుకోండి, యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో 112. ఇక నీళ్లు. మునిగిపోతున్న పిల్లలు అరవరు, చేతులూపరు, నీళ్లు చప్పుడు కూడా చేయవు, పక్కనే నలుగురు పెద్దలున్నా ఎవరో చూస్తున్నారులే అనుకుంటే జరిగిపోతుంది. పూల్ దగ్గర ఎవరో ఒకరి పేరు చెప్పి వంతు వేసుకోండి, పదిహేను నిమిషాలు నువ్వు, తర్వాత నేను, వంతు ఉన్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు. చిన్నపిల్లలైతే చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉండండి, తేలే రింగులున్నాయి కదా అని నమ్మకండి.

సెలవు చివరి రోజు దాకా అక్కడే ఉండిపోకుండా స్కూలు తెరిచేముందు రెండు మూడు రోజులు ఇంట్లో ఉండేలా టికెట్లు చూసుకోండి. తిరిగొచ్చిన మొదటి రాత్రులు పిల్లలు తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుని ఆకలంటారు, వెళ్లేముందే ఆ పూటకి పనికొచ్చేది ఏదో ఒకటి వంటింట్లో పెట్టి వెళ్లండి.