చలికాలంలో పాప రాత్రుళ్లు గోక్కోవడం ఎలా తగ్గిందంటే

చలి మొదలవగానే మా నాలుగేళ్ల పాప రాత్రంతా కాళ్లు గోక్కునేది. పిక్కల మీద చర్మం గరుకుగా, తెల్లగా పొట్టు లేచినట్టు ఉండేది. ఒకరోజు పొద్దున దుప్పటి మీద చిన్న చిన్న రక్తపు మరకలు చూసి నాకు ఏడుపొచ్చేసింది.

పొరపాటు నాదేనని తర్వాత తెలిసింది. చలి కదా అని బాగా వేడినీళ్లతో, అరగంట సేపు స్నానం చేయించేదాన్ని. ఆ వేడికి, సబ్బుకి చర్మం మీదుండే సహజమైన నూనె పోతుంది. చలిగాలిలో తేమ ఎలాగూ తక్కువే.

ఇప్పుడు గోరువెచ్చని నీళ్లు, 5 నుంచి 10 నిమిషాలు, అంతే. తువ్వాలుతో రుద్దను, మెల్లగా అద్దుతాను. ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే, వాసన లేని చిక్కటి క్రీము దట్టంగా రాసేస్తాను. అసలు కిటుకు ఇదే. ఆ తేమను క్రీము బయటికి పోనివ్వదు, పూర్తిగా ఆరాక రాస్తే అంతగా పనిచేయదు. మొదట్లో క్రీము డబ్బా చూస్తేనే పారిపోయేది. ఇప్పుడు అరచేతిలో చిన్న చుక్క వేస్తే మోకాళ్లకు గుండ్రంగా తనే రాసుకుంటుంది.

స్వెటర్ లోపల మెత్తటి కాటన్ చొక్కా వేస్తున్నాను, ఉన్ని నేరుగా తగిలితే దురద పెరుగుతోంది. గోళ్లు కూడా వారం వారం కత్తిరిస్తున్నాను.

పది రోజులకు గరుకుదనం పోయింది. మోకాలి వెనక ఒక ఎర్రటి మచ్చ మాత్రం తగ్గలేదు. డాక్టరు చూసి ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే సమస్య) అన్నారు, వేరే పూతమందు ఇచ్చారు. చర్మం పగిలి నీరు కారుతుంటే ఇంట్లో ప్రయత్నాలు చేస్తూ కూర్చోకండి, వెంటనే చూపించండి.

నిన్న రాత్రి పాప ఒక్కసారి కూడా లేవలేదు.