కోతల వేళ అల్సాస్‌కు వెళ్తున్నారా? పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ జాగ్రత్తలు

ఫ్రాన్సు తూర్పున ఉన్న అల్సాస్ ప్రాంతం వైన్ తాగేవాళ్లకే అనుకుంటారు చాలామంది. మేం ఎనిమిదిమందిమి వెళ్తే అందులో తాగేది ఇద్దరే. మిగతావాళ్లం కొల్మార్ ఊళ్లో కాలువ పక్కన రంగురంగుల ఇళ్లు, కప్పుల మీద కొంగల గూళ్లు, కొండవాలు ద్రాక్షతోటలు చూడ్డానికి వెళ్లాం. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మా ఇంటి నుంచి కారులో రెండున్నర గంటల దారి. అన్నయ్య వాళ్లు, అమ్మానాన్న దసరా సెలవులకు వచ్చారు. ఫ్రాన్సులో ఆ భాగంలో ద్రాక్ష కోతలు కూడా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఊళ్లన్నీ సందడిగా ఉంటాయి, జాగ్రత్త పడాల్సినవీ అప్పుడే ఎక్కువ. అవి కూడా తాగేవాళ్ల కంటే తాగనివాళ్లకే ఎక్కువ పనికొస్తాయి.

మొదటిది కొత్త వైన్. ఈ రోజుల్లో ఏ ఊళ్లో చూసినా బయట బల్ల వేసి, మబ్బుగా తెల్లటి రసం అమ్ముతుంటారు. బోర్డు మీద ‘వాఁ నూవో’ అని ఉంటుంది. తియ్యగా, బుసబుసమంటూ అచ్చం జ్యూసులా ఉంటుంది. ఉల్లిపాయ టార్ట్‌తోనో అక్రోటుకాయలతోనో తింటూ తాగుతారు. అది జ్యూసు కాదు, ఇంకా పులుస్తున్న వైన్. తెల్లవారుజామున దించిన నీరా పొద్దెక్కేసరికి కల్లయినట్టే ఇదీ పూటపూటకీ మారిపోతుంది. నిన్న తియ్యగా ఉన్నదాంట్లో ఇవాళ మత్తు ఎక్కువ. మా అన్న కూతురికి ఎనిమిదేళ్లు. గ్లాసు నోటిదాకా తెచ్చింది, వాళ్లమ్మ వాసన చూసి లాక్కుంది. పిల్లలకైతే ‘జ్యూ ద రెజాఁ’ అని అడగండి, అది పులియబెట్టని ద్రాక్షరసం. చాలా తయారీదారుల దగ్గర దొరుకుతుంది, బాగుంటుంది కూడా.

ఆ కొత్త వైన్ సీసా కొనుక్కుంటే ఇంకో చిక్కు. గ్యాస్ బయటికి పోవాలి కాబట్టి మూత గట్టిగా ఉండదు, సీసాని నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే కారు సీటంతా జిగట. పోనీలే అని మూత బిగించి ఎండలో కారులో వదిలేస్తే సీసా పగిలే ప్రమాదం ఉంది. విమానంలో తీసుకెళ్లే ఆలోచనే వద్దు.

రెండోది సెల్లార్లు, అంటే వైన్ పులియబెట్టి నిల్వచేసే నేలమాళిగలు. ఈ విషయం ఏ టూరిస్టు కరపత్రంలోనూ నాకు కనబడలేదు. లీటరు ద్రాక్షరసం పూర్తిగా పులిస్తే నలభై లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలికంటే బరువు కాబట్టి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, మెట్లు దిగేచోట, గుంటల్లో నిండుతుంది. రంగు లేదు, వాసనా లేదు. మన ఊళ్లలో పాడుబడ్డ బావిలో దిగేముందు లాంతరు దించి చూసేవాళ్లు గుర్తుందా? ఇక్కడి పాతకాలపు వైన్‌వాళ్లూ కొవ్వొత్తి పట్టుకునే కిందికి వెళ్లేవారు. ఇప్పుడు ఫ్యాన్లు, గ్యాస్ కొలిచే మీటర్లు ఉన్నాయి. కానీ మీటరు మనిషి ఎత్తులో ఉంటే, నేలమీద పాకే పిల్లవాడి ముక్కు దగ్గర గాలి ఎలా ఉందో అది చెప్పదు. కోతల రోజుల్లో తొట్లు పులుస్తున్న గదిలోకి చిన్నపిల్లల్ని, ఆస్తమా ఉన్నవాళ్లని తీసుకెళ్లొద్దు. ఆ సెల్లార్‌వాళ్లు తోడు లేకుండా, తలుపు తీసి ఉంది కదా అని ఏ సెల్లార్లోకీ దిగొద్దు. తలనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే పైకి వచ్చేయాలి. ఎవరైనా కింద పడిపోతే కాపాడదామని మీరు దిగొద్దు, 112కి ఫోన్ చేయండి.

ఇక డ్రైవరు సంగతి. మార్లెన్‌హైమ్ నుంచి తాన్ దాకా సుమారు 170 కిలోమీటర్ల వైన్ రోడ్డు ఇది, 1953లో మొదలైంది. అడుగడుగునా రుచి చూడమని పిలుస్తారు. ఒక్కోచోట ఐదారు రకాలు పోస్తారు. ‘రెండు గుక్కలేగా’ అనుకుంటూ మూడుచోట్ల ఆగితే లెక్క తప్పుతుంది. ఫ్రాన్సులో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, కొత్త లైసెన్సు వాళ్లకు 0.2 మాత్రమే. ఒక మామూలు గ్లాసే 0.2 నుంచి 0.25 దాకా పెంచుతుంది. దిగడానికేమో గంటకు 0.1 నుంచి 0.15. కాఫీ తాగినా, చన్నీళ్లతో ముఖం కడుక్కున్నా అంతకంటే వేగంగా దిగదు. దొరికితే 135 యూరోల జరిమానా, ఎక్కువైతే కోర్టు దాకా వెళ్తుంది. తాగని మనిషిని ఇంటి దగ్గరే తేల్చుకోండి. మా ఇంట్లో అది నేను.

రుచి చూసి ఉమ్మేయొచ్చు, బల్ల మీద అందుకోసమే ఒక పాత్ర పెడతారు. పదిమందిలో ఉమ్మడమేమిటి, ఎంగిలి, అమర్యాద అని మా అన్నయ్య మొహమాటపడి మింగేశాడు, మధ్యాహ్నానికి నిద్రపోయాడు. అక్కడ ఉమ్మేవాణ్ణే పని తెలిసినవాడనుకుంటారు.

తిండి దగ్గర మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది తార్త్ ఫ్లాంబే దగ్గర. పల్చటి పిజ్జాలా ఉంటుంది, చూస్తే మీగడ, ఉల్లిపాయలే కనబడతాయి. లోపల చిన్నచిన్న పంది ముక్కలుంటాయి. పుట్టగొడుగులది అడిగినా అవి ఉంటాయి, ‘సాఁ లార్దోఁ’ అని విడిగా చెప్పాలి. బేకొఫ్‌లో గొడ్డు మాంసం, పంది, గొర్రె మూడూ కలిసి వండుతారు. షూక్రూత్ అంటే పులిసిన క్యాబేజీయే గానీ, పైన సాసేజీలు పేరుస్తారు. కూగ్లోఫ్ కేకులోని ఎండుద్రాక్ష ఒక్కోచోట కిర్ష్ అనే సారాయిలో నానబెట్టింది. సోర్బే మీద కూడా సారాయి పోసి ఇస్తుంటారు, పిల్లలకు ముందు అడిగి ఇప్పించండి. మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటిళ్లు మూసేస్తారు, మళ్లీ ఏడుకే. అమ్మకి షుగర్. పులిహోర డబ్బా కారులో లేకపోతే ఆ రోజు కష్టమయ్యేది.

తోటలో కాయలు కోయనివ్వొద్దు. అది దొంగతనం, పైగా తీగలకు తెగుళ్ల మందు చల్లి ఉంటుంది. ఆకుల మీద నీలిరంగు మచ్చలు చూడగానే మా నాన్న, ‘ఇది మైలుతుత్తం, సున్నం... బోర్డో మందురా’ అన్నారు. గూడూరు దగ్గర నిమ్మతోటలో ఏళ్లతరబడి కొట్టినాయన, ఆకు చూస్తే తెలిసిపోయింది. ఆ పేరు ఫ్రాన్సులోని బోర్డో నుంచే వచ్చింది. 1880లలో అక్కడి రైతులు రోడ్డు పక్క తీగలకు ఆ నీలి పూత పూసేవారు, అసహ్యంగా కనబడితే దారినపోయేవాళ్లు కాయలు కోయరని. ఆ తీగలకు బూజు తెగులు రాలేదని మిలార్దే అనే శాస్త్రవేత్త గమనించాడు. దొంగల కోసం పూసిన పూత తెగులు మందైంది. మా పిల్లలకు ఈ కథ చెప్పాక ఒక్కరూ కాయ ముట్టుకోలేదు. పండిన కాయల చుట్టూ కందిరీగలు కూడా చాలా ఉంటాయి. తీపి గ్లాసులోకి దూరతాయి కాబట్టి పిల్లలు తాగేముందు లోపలికి చూసుకోవాలి.

ఊళ్లలో రోడ్ల మీద ద్రాక్ష ట్రాక్టర్లు నెమ్మదిగా పోతుంటాయి, రాలిన కాయలతో రోడ్డు జారుతుంది. బోర్డులు, సిగ్నళ్లు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడికే ముందు దారి, ఇది మనకు అలవాటు లేని పద్ధతి. రిక్‌వీర్, ఎగిస్‌హైమ్ వీధులు రాళ్లు పరిచినవి, చిన్న చక్రాల స్ట్రోలర్ పనికిరాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చేతికర్ర మంచిది. పదేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. ఇండియా లైసెన్సుతో నడిపేవాళ్లు ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోవాలి. షెంజెన్ వీసాకు 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకుంటారు. పెద్దవాళ్లకు ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ అందులోకి వస్తాయో లేదో మాత్రం చదివి చూడండి. ఆదివారం మందుల షాపులు దాదాపు మూసే ఉంటాయి.

తిరిగి ఇండియా వెళ్లేటప్పుడు పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా వైన్ సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు. సీసాలు చెకిన్ పెట్టెలోనే పెట్టాలి, ఒక్కోదాన్ని టర్కీ టవల్లో చుట్టి, బట్టల మధ్యలో. మా వదిన పట్టుచీరల మధ్య పెట్టబోతే అమ్మ ఒప్పుకోలేదు.